‘మత్తు దిగలేదు’ అనే మాట వెనుక సంగతి
కాన్పుకు ముందే చెప్పుకుంటే తప్పిపోయే గండం

ఉదయగిరి, ఆత్మకూరు: తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన కూతురికి తల్లి చెప్పని జాగ్రత్త ఉండదు. ఏ పక్కకు తిరిగి పడుకోవాలో చెబుతుంది. ఏది తినాలో, ఏది తినకూడదో చెబుతుంది. బరువులెత్తవద్దంటుంది. గుమ్మంలో కూర్చోవద్దంటుంది. కాని కొన్ని ఇళ్లలో తల్లి ఒక్క సంగతిని మాత్రం నోట్లోనే దాచుకుంటుంది. పాతికేళ్ల కిందట తనకు ఆపరేషను జరిగిన నాడు ఏమయిందో చెప్పదు.

చెబితే బిడ్డ బెదురుతుందని భయం. అల్లుడి చెవిన పడితే, వియ్యపురాలి చెవిన పడితే ఏమంటారోనని అంతకన్నా భయం. అందుకే ఆ సంగతి ‘అప్పట్లో నాకు మత్తు సరిగా దిగలేదు’ అనే నాలుగు ముక్కల్లో ముగిసిపోతుంది.

కూతురి ప్రాణానికి అన్నిటికన్నా పనికివచ్చే మాట నిజానికి అదే.

ఆపరేషను అయ్యాక గంటలు గడిచినా రోగి కళ్లు తెరవకపోవడానికి, ఊపిరి తీసుకోలేకపోవడానికి అనేక కారణాలు ఉంటాయి. వాటిలో ఒకటి పుట్టుకతో వచ్చే అరుదైన లోపం. రక్తంలో ఉండవలసిన ఒక ఎంజైము దాదాపు లేకపోవడమే ఆ లోపం. దాని పేరు బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్. ఆసుపత్రుల్లో సూడోకోలినెస్టరేజ్ అని కూడా అంటారు. ప్రపంచంలో ఎక్కడైనా, ఏ కుటుంబంలోనైనా ఇది కనిపించవచ్చు. యూరపు ప్రజల్లో రెండు మూడు వేలమందికి ఒకరిలో ఇలాంటి లోపం ఉంటుంది. అయితే మన తెలుగునాట ఆర్యవైశ్య కుటుంబాల్లో ఇది మిగతావారిలో కన్నా చాలా ఎక్కువగా కనిపిస్తుందని శాస్త్రజ్ఞులు తేల్చారు. ఆత్మకూరు, ఉదయగిరి బజార్లలోనూ, చుట్టుపక్కల పెద్ద ఊళ్లలోనూ తరతరాలుగా వ్యాపారం చేసుకుంటున్న ఇళ్లవారు తప్పక తెలుసుకోవలసిన విషయమిది.

జబ్బు అనలేని లోపం

ఈ లోపం ఉన్నవారిని చూసి ఎవరూ గుర్తుపట్టలేరు. వారు అందరిలాగే తింటారు, పనిచేస్తారు, పిల్లల్ని కంటారు. ఆయుష్షుకు లోటు లేదు. కడుపులో బిడ్డ ఎదుగుదలకూ లోటు లేదు. పథ్యం అక్కర్లేదు, రోజూ మింగవలసిన మాత్ర లేదు.

చిక్కు వచ్చేది ప్రధానంగా ఒక మందుతో. దాని పేరు సక్సినైల్‌కోలిన్. కండరాలను సడలించే మందు ఇది. 1951 నుంచి వైద్యులు వాడుతున్నారు. పూర్తి మత్తు ఇచ్చి ఆపరేషను చేసేటప్పుడు రోగి గొంతులోకి గొట్టం దింపి ఊపిరి అందించాలి. అందుకోసం కండరాలు నిమిషంలోపే సడలాలి. నిండు గర్భిణికి ఇది మరీ అవసరం. ఆలస్యమైతే కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

మామూలు మనిషికి ఈ మందు ఇస్తే రక్తంలోని ఎంజైము దాన్ని వెంటనే విరిచేస్తుంది. ఐదు పది నిమిషాల్లో దాని పని అయిపోతుంది. ఎంజైము లేనివారిలో విరిచే సాధనమే లేదు. అదే మందు గంటల తరబడి నిలిచిపోతుంది. అంతసేపూ రొమ్ము కండరాలు కదలవు. తనంతట తాను ఊపిరి తీసుకోవడం సాధ్యం కాదు. మైవాక్యూరియం అనే మరో మందుతోనూ ఇదే చిక్కు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఇంట్లోవాళ్లు ‘మత్తు దిగలేదు’ అంటారు. నిజానికి మత్తు వేరు, సడలింపు వేరు. నిద్రపుచ్చే మందు తన వేళకు దిగిపోవచ్చు. అప్పుడు మనిషికి తెలివి వస్తుంది కాని కనురెప్ప ఎత్తలేదు. పక్కన మాటలు వినిపిస్తాయి కాని పలకలేదు. కాన్పయిన తల్లి అయితే బిడ్డ ఏడుపు వింటూ కూడా చెయ్యి చాచలేకపోవచ్చు. ఈ స్థితిని దాటివచ్చినవారిని ఏళ్ల తరబడి వెంటాడేది ఆ జ్ఞాపకమే. శరీరానికి గాయం ఏమీ మిగలదు. అందుకే చుట్టూ ఉన్నవాళ్లు ‘అయిపోయింది కదా, ఇంకెందుకు తలుచుకోవడం’ అంటారు. తలుచుకోనిదీ వారే, మరువలేనిదీ వారే.

సంగతి పసిగట్టిన డాక్టరు ఏం చేస్తారంటే, రోగిని నిద్రలోనే ఉంచి, వెంటిలేటరు మీద ఊపిరి అందిస్తూ కూర్చుంటారు. కొన్ని గంటలకు మందు దానంతట అదే తగ్గుతుంది. రోగి మామూలుగా లేస్తుంది. ఊపిరి ఆగకుండా చూసినంతకాలం ప్రాణభయం లేదు.

ఒక ఇంటి తీరు

పేరూ ఊరూ చెప్పనక్కర్లేకుండా, ఇలాంటి లోపం ఉన్న ఏ ఇంట్లోనైనా జరగగల వరస ఒకటి ఉంది.

తల్లికి తొలి కాన్పు ఆపరేషనయింది. ఉదయం లోపలికి తీసుకువెళ్లినవారు సాయంత్రం దాకా బయటికి తీసుకురాలేదు. ఇంట్లో పెద్దవాళ్లు వాసవీమాతకు మొక్కుకున్నారు. రాత్రికి లేచి కూర్చుంది. ‘గండం గడిచింది’ అనుకున్నారు. డాక్టరు ఏదో కాగితం మీద రాసి ఇచ్చారు. ఆ కాగితం ఏ బీరువాలో ఉందో, ఏ చెదలకు పోయిందో ఎవరికీ తెలియదు.

కూతురు పెద్దదయింది, పెళ్లయింది, కడుపుతో ఉంది. ఏడో నెలలో సీమంతం జరుగుతుంది. గాజులు తొడగడానికి వచ్చిన ముత్తైదువల మధ్య ఏ పెద్దమ్మో, ఏ పిన్నమ్మో నోరు జారుతుంది.

‘మీ అమ్మకు అప్పుడు పొద్దంతా ఊపిరి లేదమ్మా, మిషను మీద పెట్టారు. నీకైనా సుఖంగా జరగాలి తల్లీ’ అంటుంది.

ఆ రాత్రి నుంచి కూతురికి నిద్ర ఉండదు. కడుపులో బిడ్డ తన్నినప్పుడల్లా సంతోషమూ భయమూ కలిసే వస్తాయి. ‘నేను లేవకపోతే వీడు ఎవరి చేతుల్లో ఉంటాడు?’ అనుకుంటుంది. భర్తతో చెబితే అత్తకు తెలుస్తుంది. అత్తకు తెలిస్తే ‘పెళ్లిలో దాచారు’ అంటారు. తల్లిని అడగబోతే తల్లి కళ్లనీళ్లు పెట్టుకుంటుంది.

‘నా నుంచే కదమ్మా నీకు ఇది’ అనే బాధ తల్లిది. ఆ బాధే ఆమె నోరు నొక్కుతుంది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఒకరికొకరు ధైర్యం చెబుతున్నట్టు నటిస్తూ, ఎవరి భయం వారు మోస్తారు.

ఇలాంటి ఇంట్లో కావలసింది ఓదార్పు మాటలు మాత్రమే కాదు, సమాచారం. ఈ లోపం ఎలా వస్తుందో, ఎవరికి రాదో, వస్తే ఏం చేయాలో తెలిసినప్పుడు భయానికి ఒక హద్దు ఏర్పడుతుంది.

ఎవరి తప్పూ కాదు

ప్రతి మనిషికీ ఈ ఎంజైముకు సంబంధించిన జన్యువులు రెండు ఉంటాయి. ఒకటి తండ్రి నుంచి, ఒకటి తల్లి నుంచి వస్తుంది. రెండూ లోపం ఉన్నవైతేనే ఈ చిక్కు. ఒకటే లోపమైతే మనిషి దాదాపు మామూలే. మందు దిగడానికి కొన్ని నిమిషాలు ఆలస్యం కావచ్చు, అంతే.

తల్లిదండ్రులిద్దరిలోనూ ఒక్కొక్క లోపపు జన్యువు ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. తల్లికి లోపం ఉండి, తండ్రిలో లోపపు జన్యువు లేకపోతే పిల్లల్లో ఎవరికీ చిక్కు రాదు. తండ్రి మేనబావ అయి, అదే వంశపు జన్యువును ఒకటి మోస్తూ ఉంటే మాత్రం బిడ్డకు సగానికి సగం అవకాశం ఉంటుంది. మేనరికంలో ఈ కలయిక ఎక్కువగా జరిగేది ఇందుకే.

ఈ తేడా వంశపారంపర్యంగా వస్తుందని, రక్తపరీక్షతో కనిపెట్టవచ్చని 1957లో కెనడాలోని టొరంటోలో పనిచేసిన వెర్నర్ కాలో చూపించారు. మన దేశంలో వైశ్య రోగికి కండరాల సడలింపు మందు ఇచ్చేముందు ఆలోచించాలన్నది మత్తు డాక్టర్లకు అనుభవంతో తెలిసిన విషయం. దానికి జన్యుపరమైన ఆధారం 2006లో దొరికింది. కోయంబత్తూరులోని భారతియార్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్. బూపతి, అమెరికాలోని నెబ్రాస్కాకు చెందిన ఒక్సానా లాక్రిడ్జ్ తదితరులు వైశ్యుల్లో ఉన్న ఒక ప్రత్యేకమైన మార్పును ప్రకటించారు. ఎంజైము గొలుసులో 307వ స్థానంలో ఉండవలసిన లూసిన్ బదులు ప్రోలిన్ ఉంది. ఆ ఒక్క తేడాతో ఎంజైము పనికిరాకుండా పోతోంది.

హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞుడు కె. తంగరాజ్, అమెరికాలోని హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ తదితరులు దక్షిణాసియా జనసమూహాల మీద చేసిన అధ్యయనం 2017లో వెలువడింది. వైశ్యుల్లో ఈ లోపం ఇతర సమూహాల కన్నా దాదాపు 100 రెట్లు ఎక్కువ అని అందులో పేర్కొన్నారు. ఈ సమూహం జనాభా 30 లక్షలకు పైనే అని కూడా రాశారు.

ఎందుకిలా? పూర్వం ఎప్పుడో కొద్దిపాటి కుటుంబాలతో మొదలైన సమూహం, రెండు మూడు వేల ఏళ్లుగా తమలో తామే సంబంధాలు కలుపుకుంటూ వచ్చింది. తొలినాటి ఆ కొద్దిమందిలో ఎవరో ఒకరికి ఉన్న చిన్న మార్పు, సంతానంతో పాటు పెరిగింది. 102 గోత్రాలు పాటించి, సగోత్రంలో పెళ్లి చేసుకోకపోయినా, మూలంలోని కుటుంబాలు అవే కనుక ఆ మార్పు చుట్టూ తిరిగి మళ్లీ కలుస్తూనే ఉంది. ఇది ఒక్క వైశ్యులకే పరిమితం కాదు. మన దేశంలో ఇలా ఏర్పడిన సమూహాలు ఎన్నో ఉన్నాయి. ఒక్కొక్క సమూహానికి ఒక్కొక్క అరుదైన లోపం ఉండవచ్చని ఆ అధ్యయనమే చెబుతోంది. ఫిన్లాండు ప్రజలకూ, యూరపు యూదులకూ ఇలాంటివే ఉన్నాయి.

అంటే ఇది ఎవరి పాపఫలమూ కాదు. కూతురికి ఇచ్చానని తల్లి కుమిలిపోవలసిందేమీ లేదు. తల్లికి ఆమె తల్లీ తండ్రీ ఇచ్చారు. వారికీ తెలియదు.

రక్తపరీక్ష, ఒక పొరపాటు

ఎంజైము ఎంత ఉందో చెప్పే రక్తపరీక్ష కొత్తదేమీ కాదు. పురుగుమందు తాగి ఆసుపత్రికి వచ్చినవారికి చేసే పరీక్షల్లో ఇది ఒకటి. కొన్ని రకాల పురుగుమందులు ఇదే ఎంజైమును అణచివేస్తాయి కనుక, ఎంత విషం ఎక్కిందో అంచనా వేయడానికి దీన్ని చూస్తారు.

ఇక్కడే అపోహకు చోటుంది. పుట్టుకతోనే ఎంజైము లేని మనిషికి పరీక్ష చేస్తే అంకె దాదాపు సున్నాకు దగ్గరగా రావచ్చు. ఆ కాగితం చూసిన తెలిసీతెలియనివారు ‘ఇది మందు తాగినవాళ్లకు వచ్చే రిపోర్టు కదా’ అని గొణిగితే చాలు. కడుపుతో ఉన్న కోడలి మీద లేనిపోని అనుమానం పుడుతుంది. ఆ కాగితంలోని అంకె పుట్టుకతో వచ్చింది కావచ్చని ఇంట్లోవాళ్లు ముందే తెలుసుకుని ఉంటే ఆ అవమానం తప్పుతుంది.

ఇంకో సంగతి. గర్భం వచ్చినప్పుడు ప్రతి స్త్రీలోనూ ఈ ఎంజైము నాలుగో వంతు దాకా తగ్గుతుంది. కాన్పు తర్వాత కొన్ని వారాల్లో మళ్లీ మామూలవుతుంది. కాలేయం జబ్బులోనూ తగ్గుతుంది. పొలంలో మందు కొట్టినవారిలోనూ తగ్గవచ్చు. కాబట్టి అంకె కొంచెం తగ్గినంత మాత్రాన లోపం ఉన్నట్టు కాదు. మరీ తక్కువగా ఉంటేనూ, ఇంట్లో ఎవరికైనా అలాంటి అనుభవం ఉంటేనూ అనుమానించాలి. వీలైతే కాన్పు తర్వాత మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. జన్యుపరీక్షతో పూర్తిగా నిర్ధారించవచ్చు. ఒకరికి తేలితే అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు కూడా పరీక్ష చేయించుకోవడం మంచిది. కాన్పులకే కాదు, పూర్తి మత్తుతో చేసే ఏ ఆపరేషనుకైనా ఈ సంగతి పనికివస్తుంది.

కాన్పుకు అడ్డు కాదు

ఇంతకూ గర్భిణి భయపడవలసిందెంత? తెలిసి ఉంటే చాలా కొద్ది.

మామూలు కాన్పయితే ఈ మందు అవసరమే రాదు. సిజేరియన్ చేసినా ఈ రోజుల్లో ఎక్కువమందికి వెన్నులో ఇంజక్షను ఇచ్చి నడుము కింది భాగాన్ని మాత్రమే మొద్దుబారుస్తారు. తల్లి మెలకువగానే ఉంటుంది, తన ఊపిరి తానే తీసుకుంటుంది, బిడ్డ ఏడుపు అక్కడికక్కడే వింటుంది. అందుకు మామూలుగా వాడే బూపివకైన్ అనే మందుకు ఈ ఎంజైముతో పనిలేదు. క్లోరోప్రొకైన్ అనే మరో మందు మాత్రం ఈ ఎంజైముతోనే విరుగుతుంది. కనుక డాక్టరుకు ముందే తెలియాలి.

చిక్కు వచ్చేది హడావుడిలోనే. రక్తస్రావం ఎక్కువైనా, ఫిట్స్ వచ్చినా, బిడ్డ గుండె చప్పుడు తగ్గినా, వెన్నులో ఇంజక్షనుకు వ్యవధి ఉండదు. పూర్తి మత్తు ఇవ్వవలసి వస్తుంది. ఆ నిమిషంలో గర్భిణి చెప్పే స్థితిలో ఉండదు. పక్కనున్న భర్తకు, అత్తకు సంగతి తెలియకపోతే డాక్టరుకు చెప్పేవారెవరు?

చెప్పగలిగితే మార్గం ఉంది. రోక్యూరోనియం అనే మరో సడలింపు మందు వాడవచ్చు. అది విరగడానికి ఈ ఎంజైము అక్కర్లేదు. దాన్ని తిరగగొట్టే మందు కూడా ఉంది. ఒకవేళ తెలియక సక్సినైల్‌కోలిన్ ఇచ్చినా, అది మావిని దాటి బిడ్డకు చేరేది బహు స్వల్పం.

దూరం ఉన్నచోట మరీ ముఖ్యం

మెట్ట ప్రాంతంలో దీనికి ఇంకో కోణం ఉంది. ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు 100 కిలోమీటర్లు. ఆత్మకూరు నుంచి అరవై కిలోమీటర్ల దాకా ఉంటుంది. నొప్పులు మొదలైన గర్భిణి ఒకచోట చూపించుకుని, అక్కడి నుంచి మరోచోటికి, చివరికి నెల్లూరుకు చేరడం ఇక్కడ కొత్త కాదు. నెలనెలా చూసిన డాక్టరు ఒకరు, 108లో తోడు వచ్చినవారు ఒకరు, అర్ధరాత్రి ఆపరేషను బల్ల దగ్గర మత్తు ఇచ్చేవారు మరొకరు. నోటిమాటగా చెప్పింది దారిలోనే జారిపోతుంది. కాగితం మీద ఉన్నది జారదు.

అందుకని ఇంట్లో అలాంటి చరిత్ర ఉన్నవారు పాటించవలసినవి కొన్ని ఉన్నాయి.

తల్లి, అమ్మమ్మ, మేనత్త, పెద్దమ్మ, పిన్నమ్మల్లో ఎవరికైనా, మగవారిలోనైనా, ఆపరేషను తర్వాత లేవడం ఆలస్యమైందా, మిషను మీద పెట్టారా అని గర్భం నిలిచిన తొలి నెలల్లోనే అడిగి తెలుసుకోవాలి.

ఉంటే, మొదటిసారి చూపించుకున్నప్పుడే డాక్టరుకు చెప్పాలి. గర్భిణులకు ఇచ్చే తల్లీబిడ్డల కార్డు పైభాగాన ఎర్ర అక్షరాలతో ‘సక్సినైల్‌కోలిన్ ఇవ్వరాదు’ అని డాక్టరు చేత రాయించుకోవాలి. డాక్టర్లకు తేలిగ్గా ఉండేందుకు అదే మాట ఇంగ్లీషులోనూ రాయించాలి. దాన్ని ఫోటో తీసి భర్త ఫోనులోనూ, పుట్టింటివారి ఫోనులోనూ ఉంచాలి.

నెలలు నిండకముందే మత్తు డాక్టరును ఒకసారి కలవాలి. వెంటిలేటరు ఉన్న ఆసుపత్రిలో కాన్పుకు ఏర్పాటు చేసుకోవాలి.

ఆశా కార్యకర్తకు, 108 సిబ్బందికి కూడా కార్డు చూపించాలి. అత్తవారింట్లో కనీసం ఇద్దరికి ఈ సంగతి తెలిసి ఉండాలి.

పెళ్లి సంబంధాల మాట

అందరూ తటపటాయించేది చివరి మాట దగ్గరే. ‘తెలిస్తే చెల్లెలికి సంబంధం ఎలా కుదురుతుంది?’ అంటారు. ఈ సందేహాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేము. ఆడపిల్లకు ఏ చిన్న లోపమున్నా గోరంతలు కొండంతలు చేసే లోకం ఇది.

అయితే లెక్క వేసి చూస్తే, చేసుకోబోయే పిల్లవాడి ఇంట్లోనూ అదే జన్యువు ఉండవచ్చు. ఒకే మూలం నుంచి వచ్చిన కుటుంబాలు కనుక అత్తగారికీ తెలియకుండా అదే లోపం ఉండవచ్చు. కోడలి సంగతి తెలిసి తామూ పరీక్ష చేయించుకుంటే, రేపు మామగారి హెర్నియా ఆపరేషనుకో, అత్తగారి గర్భసంచి ఆపరేషనుకో అదే రక్ష. చెప్పినందువల్ల పోయేది పరువు అనుకుంటారు. చెప్పకపోతే పోయేది ఏదో ఆపరేషను గది బయట కూర్చున్నప్పుడే తెలుస్తుంది.

పెద్దలు పూనుకుంటే ఈ బిడియం పోవడం కష్టం కాదు. వాసవీ జయంతికి, ఆర్యవైశ్య సంఘాల సమావేశాలకు అందరూ కలుస్తూనే ఉంటారు. రక్తదాన శిబిరం పెట్టినట్టే ఈ పరీక్ష కూడా పెట్టించవచ్చు. అందరూ ఒకేసారి చేయించుకుంటే ఫలానా ఇంటి పిల్ల అనే వేలు చూపడం ఉండదు.

ఆ తల్లీకూతుళ్ల విషయానికి వస్తే, మాట బయటపడిన రోజు ఇద్దరూ ఏడవడం సహజం. మర్నాడు తల్లి బీరువా అడుగున పాత కాగితం కోసం వెతుకుతుంది. దొరికితే మంచిదే. దొరకకపోయినా ఆ రోజు ఏమయిందో తన నోటితో డాక్టరుకు చెప్పగలదు. ఇన్నేళ్లూ ఎవరూ అడగని సంగతిని డాక్టరు అడిగి రాసుకుంటుంటే, అది తన ఖర్మ కాదనీ, దానికొక పేరుందనీ ఆమెకు మొదటిసారి తెలుస్తుంది.

కూతురు మాత్రం ఆ కార్డును కొంగున కట్టుకున్నంత భద్రంగా దాచుకుంటుంది. నొప్పులు వచ్చిన రాత్రి సంచిలో పసిగుడ్డలకంటే ముందు పెట్టవలసింది అదే.